రెండు క్లాసుల ప్రమోదిని

ఆ రోజు పొద్దున జొన్నరొట్టెలు కాలుస్తున్న లీలాబాయికి కూతురు ప్రమోదిని చెప్పిన కబురు ఎంతకీ అంతుపట్టలేదు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. ఆదిలాబాద్‌లో వాళ్ల వీధి ప్రైమరీ స్కూలుకు కొత్తగా వచ్చిన పెద్ద టీచరు ప్రేమమ్మ, బడి వదిలాక రెండు క్లాసులు మొదలుపెట్టింది. చదవడంలో వెనకబడ్డ పిల్లలకు ఒకటి, లెక్కల్లో చురుకైన పిల్లలకు ఇంకొకటి. మూడో తరగతి ప్రమోదినిని రెండింటికీ రమ్మందట.

"గిదేం బడి? పిల్ల తెలివిగలదా, మొద్దుదా? ఏదో ఒకటి చెప్పాలె గదా," అని అత్త అనసూర్య కోడలిని నిలదీసింది. లీలాబాయికి మాత్రం ఏం తెలుసు? పెన్‌గంగ నది అవతలి మరాఠీ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. ఇన్నేళ్ల కాపురంలో తెలుగు అర్థమవుతోంది కానీ, మాట్లాడబోతే నాలుక తడబడుతుంది. కూతురితో కబుర్లన్నీ మరాఠీలోనే. చివరికి ఎక్కాలు కూడా పొయ్యి దగ్గర కూచోబెట్టుకుని మరాఠీలోనే వల్లె వేయించేది.

దూది వ్యాపారం చేసే భర్త శ్రీధర్‌రావు పరువుకు ప్రాణమిచ్చే మనిషి. లెక్కల క్లాసు సరే గానీ, వెనకబడ్డవాళ్ల క్లాసుకు తన బిడ్డ పోతే బజార్లో తలెత్తుకోవడం ఎలా అన్నాడు. పిల్లకు తెలుగు చదవడం రాకపోవడానికి తల్లి మాటలే కారణమని అత్త తేల్చేసింది. ఆ వెనకబడ్డవాళ్ల క్లాసు మాన్పించి, ఇకమీదట ఇంట్లో మరాఠీ ముక్క వినబడకూడదని ఆయన భార్యకు గట్టిగా చెప్పాడు.

లీలాబాయి కూడా, తన భాషే బిడ్డ చదువుకు అడ్డమైతే అంతకంటే పాపం ఇంకేముంది అనుకుంది. పోనీ తెలుగు మాట్లాడదామంటే, తన వచ్చీరాని మాటలతో అదీ పాడవుతుందేమోనని మరో భయం. ఎటూ తోచక కూతురితో మాట్లాడటమే మానేసింది. జడ వేసేది, అన్నం పెట్టేది, పెదవి మాత్రం విప్పేది కాదు. పిల్ల ఏమైనా అడిగితే తలూపి వంటింట్లోకి తప్పుకునేది.

నెల తిరక్కుండానే ప్రేమమ్మ ఇంటికి వచ్చింది. ప్రమోదిని ఇప్పుడు లెక్కలు కూడా చెయ్యడం లేదని, ఏమడిగినా నేలచూపులు చూస్తోందని చెప్పింది. శ్రీధర్‌రావుకు కోపం వచ్చింది.

"మీ క్లాసులే పిల్లను పరేషాన్ చేసినయి టీచరమ్మా. మేమైతే ఇంట్ల మరాఠీ గూడ బందు పెట్టినం. ఇంకేం జెయ్యాలె?"

ప్రేమమ్మ తెల్లబోయింది. "బందు పెట్టిన్రా? ఎవరు చెప్పిన్రు సార్? నేను తెలుగు నేర్పిస్త అన్న గని, మరాఠీ మరిపిస్త అన్ననా? మీ బిడ్డ లెక్కలు జేసేదే వాళ్లమ్మ నేర్పిన ఎక్కాలతోని. రెండో ఎక్కం బే ఏకే బే అని నోట్ల అనుకుంట అందరికన్న ముందు జవాబు చెప్పేది. చదువుడు ఒక్కటే జర ఎనక. అందుకే రెండిట్లకు రమ్మన్న."

తలుపు పక్కన నిలబడి లీలాబాయి అంతా వింది. మాట్లాడి చెడగొట్టిందా, మాట్లాడక చెడగొట్టిందా? తేల్చుకునేలోపే ప్రమోదిని వచ్చి ఆమె కొంగు పట్టుకుంది. మరాఠీ మాట్లాడితే తిడతారని కాబోలు, కూడబలుక్కుంటూ తెలుగులోనే అడిగింది.

"ఆయీ, నేనేం తప్పు జేసిన? నాతోని ఎందుకు మాట్లాడుతలేవు?"

బిడ్డ చదువు కోసమని తాను నోరు కట్టేసుకుంటే, తల్లికి తనమీద మనసు విరిగిందని ఆ పసిది ఇన్నాళ్లూ కుమిలిపోయింది. లీలాబాయి అక్కడే కూలబడి పిల్లను గుండెకు హత్తుకుని భోరుమంది. భర్త ఉన్నాడని, అత్త వింటోందని చూడకుండా తన భాషలోనే ఏదేదో చెప్పసాగింది. పిల్ల వెక్కుతూనే ఊఁ కొడుతోంది.

శ్రీధర్‌రావు తల వంచుకుని, రేపటినుంచి రెండు క్లాసులకూ పంపిస్తానని టీచరుతో మెల్లగా అన్నాడు. అనసూర్య మనవరాలి దగ్గరికి జరిగి, మీ అమ్మ ఏమంటోందని అడిగింది.

"తప్పు నీది గాదు, నాదే అంటుంది బాపమ్మా."

అనసూర్య కోడలి మొహంలోకి చూసే ధైర్యం చాలక, పిల్ల తల నిమురుతూ అంది.

"మీ అమ్మది గూడ తప్పు గాదని చెప్పు బిడ్డా."

ప్రమోదిని చెప్పబోయింది. లీలాబాయి అప్పటికే అత్త చెయ్యి పట్టుకుంది.