స్వాధీనం ఇచ్చిన సాయంత్రం

ఇరవై రెండేళ్లు అన్నతో కోర్టులో కొట్లాడిన చేను ఇప్పుడు తమ్ముడి కాళ్ల కింద ఉంది. సంతోషం మాత్రం రాలేదు. మూడెకరాలు, ఒక బావి, తుప్పు పట్టిన మోటారు. దీనికోసమా? ఆ, దీనికోసమే! పంతం అంటే అంతే మరి, పట్టినవాణ్ణే పీక్కుతింటుంది.

పొద్దు వాలుతోంది. కోర్టు అమీను గట్టు మీద కూర్చుని కాగితాలు ఒళ్లో పరుచుకున్నాడు.

"ప్రతివాదిని మూడుసార్లు పిలుస్తాను. పలక్కపోతే రాలేదని రాసుకుని చేను మీకు అప్పజెప్పేస్తాను."

"పిలవడం దేనికండీ, ఎలాగూ రాడు," అన్నాడు తమ్ముడు.

"పద్ధతి పద్ధతే బాబూ."

ప్రతివాది అంటే అన్న. అన్న పోయి నెల దాటింది. ఆ సంగతి కోర్టుకు తెలియదు. తీర్పుకు వారం ముందు అన్న కన్నుమూస్తే, ప్లీడరు తలుపేసి మరీ చెప్పాడు: "మీకు తెలియనట్టే ఉండండి. పోయాడని బయటపడితే వారసుల్ని చేర్చాలి, కేసు మళ్లీ మొదటికొస్తుంది. అటు తొంగి కూడా చూడకండి."

వదిన రెండుసార్లు కబురంపింది. తమ్ముడు ముసుగుతన్ని పడుకున్నాడు. చెయ్యి మీద చెయ్యేసి నాగలి పట్టడం నేర్పిన అన్న! ఆ పూట దుప్పట్లో ఎంత ఏడ్చాడో అతనికే తెలుసు. అయినా కదల్లేదు.

అమీను గొంతెత్తి అన్న పేరు పిలిచాడు. చేలోంచి పిట్టలు లేచిపోయాయి.

రెండోసారి పిలిచాడు. గాలి ఆగిపోయింది. అప్పుడే తవ్విన మట్టి వాసన గుప్పుమంది.

మూడోసారి...

"ఉన్నానండీ..."

అమీను తలెత్తకుండానే రాసుకున్నాడు. "అభ్యంతరం ఏమైనా ఉందా?"

"లేదండీ. వాడికే ఇచ్చెయ్యండి."

తమ్ముడు చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఆ గొంతు అతని చెవి పక్కనే ఉంది... వగరుస్తూ.

"నా పాడె మొయ్యడానికి రాలేదేంరా, చిన్నోడా?"

"అన్నా..." దుఃఖం తన్నుకొచ్చింది. "తప్పయిపోయింది అన్నా. చేను తీసుకో. అంతా నువ్వే తీసుకో..."

కుడి భుజం మీద ఏదో ఆనింది. గట్టిగా. బరువుగా.

"సంతకం పెట్టండి," అన్నాడు అమీను.

"ఇందాక... పలికిందెవరండీ?"

"అదేంటి బాబూ! మీ పక్కనే నించున్నారుగా మీ అన్నగారు."

తమ్ముడు ఇంటిదారి పట్టాడు. భుజం దిగలాగుతోంది. పరుగెడదామంటే కాళ్లు వినలేదు. అడుగు దానంతటదే నెమ్మదించింది. దారి పొడుగునా అన్నను పిలుస్తూ, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తూనే నడిచాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు... తిరగడానికి ధైర్యం చాలలేదు.

తలుపు తీసిన భార్య అక్కడే నిలబడిపోయింది. ఆమె చూపు అతని మీద లేదు.

"ఏమండీ," అంది గుసగుసగా, "మీతో పాటు భుజం పట్టిన ఆ ముగ్గురూ ఎవరు?"