నీలం చెప్పిన పేరు

పొట్టమీది ట్యూబు నీలంగా మారింది. కూర్మారావు చొక్కా దించేసి, భార్య వైపు చూశాడు. దమయంతి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటోంది.

ఊరూరా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో నీలి ట్యూబులు వచ్చిన కొత్త అది. కిడ్నీలు పాడైనవాళ్లకు పొట్టలోకి సన్నని ట్యూబు వేస్తారు. దాంట్లోంచి మందునీళ్లు ఎక్కించి, కొన్ని గంటలాగి దించేస్తే ఒంట్లోని విషం బయటికి పోతుంది. ఇంట్లోనే చేసుకోవచ్చు. ట్యూబు వెంట క్రిమి లోపలికి పోతేనే ప్రాణం మీదికొస్తుంది. ఈ కొత్త ట్యూబు గోడల్లో జీవకణాలున్నాయి. క్రిమి తగిలిన పూటే అవి నీలమెక్కుతాయి. చివరనున్న సెన్సర్ దాని జన్యువు చదివి, ముందే తీసుకున్న ఇంటిల్లిపాది నమూనాలతో పోల్చి, అది ఇంట్లో ఎవరి ఒంటినుంచి వచ్చిందో కూడా చెప్పేస్తుంది.

"మీ ఆవిడ ముక్కులో ఉందండీ ఆ బ్యాక్టీరియా," అంది ఆసుపత్రిలో, ట్యూబు తయారుచేసిన డాక్టర్ మృణాళిని. "ఆవిడకేమీ కాదు. చేతికంటుకుని మీకొస్తోంది. ఈ ఆయింట్‌మెంటు కొన్నాళ్లు ముక్కులో రాస్తే పోతుంది. మళ్లీ పరీక్షించేదాకా ట్యూబు ముట్టుకోవద్దనండి. తప్పు ఆవిడది కాదని నేను చెప్పనా?"

"నాను సెప్తానమ్మా," అన్నాడు కూర్మారావు.

చెప్పలేకపోయాడు. అతని తల్లికీ ఇదే జబ్బు. పాతరకం ట్యూబు. దమయంతే బ్యాగులు మార్చేది. ముసలామె పొట్టలో చీముపట్టి పోయినప్పుడు, దాని చెయ్యి మంచిది కాదని ఊరంతా అంది. పెళ్లిళ్లలో వడ్డనకు కూడా పిలవడం మానేశారు. ఇప్పుడు మిషనే ఆ మాటంటే ఆమె బతుకుతుందా?

"నా ముక్కులోనే ఉందట," అన్నాడు ఇంటికొచ్చి. ఆమె ఎదుటే ఆ మందు తన ముక్కులో రాసుకున్నాడు.

దమయంతి ఊపిరి పీల్చుకుంది. "అలగైతే నువ్వు ట్యూబు ముట్టుకోకు మావా. నాలుగుపూటలా నానే మారుస్తాను."

కూర్మారావు చొక్కా ఎత్తి, ట్యూబు ఆమె చేతికిచ్చాడు.

యాంటీబయాటిక్స్‌తో నీలం తగ్గింది. మళ్లీ వచ్చింది. సెన్సర్ మళ్లీ ఆ పేరే చెప్పింది. "ఆవిడ మందు రాస్తోందా?" అని డాక్టర్ అడిగితే, రాస్తోందన్నాడు. ఆ తర్వాతసారి ఆసుపత్రికే వెళ్లలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే బ్యాగులో నీళ్లు కుడితిలా దిగాయి. కడుపునొప్పికి మెలికలు తిరిగాడు. ట్యూబు తీసేశారు. పొట్టలో పొర గట్టిపడిపోయింది, ఇక ఇంట్లో డయాలసిస్ కుదరదన్నారు. పట్నం వెళ్లి రక్తం శుద్ధి చేయించుకోవడమే దారి. బలహీనమైన గుండె దాన్ని ఎన్నాళ్లు తట్టుకుంటుందో చెప్పలేమన్నారు.

ఒకనాడు అతను మంచంలో ఉండగా పక్కింటి మోహిని వచ్చింది. ఆమె భర్తకూ ట్యూబు వేశారు.

"పిన్నీ, నాకు బయమేస్తంది. నీ సేత్తో మార్సి సూపించవా?"

"నా సేత్తోనా?" దమయంతి కళ్లు నిండిపోయాయి. చెంగుతో తుడుచుకుని లేచింది.

"ఎల్లకే," అన్నాడు కూర్మారావు. "ఆ క్రిమి నీలోదే. నాది కాదు."

"జొరంలో ఏటేటో మాటాడకు మావా. మందు నువ్వు రాసుకోలేదా? నాను ఈ కళ్లతో సూళ్లేదా?" అతని నుదురు నిమిరి వెళ్లిపోయింది.

డాక్టర్‌కు ఫోన్ చేశాడు. "అమ్మా, మాయావిడకి సెప్పనేదు. మందు నానే రాసుకున్నాను."

"ముక్కుకి మందండీ," అంది మృణాళిని. "ఆవిడకిస్తే అయిపోయేది కదండీ..."

"ఇప్పుడు పక్కింటోడి ట్యూబు ముట్టుకోబోతంది. మీరు సెప్తే నమ్ముతాది. బేగీ ఫోన్ సెయ్యండమ్మా."

గోడకవతల దమయంతి నవ్వుతోంది. ఆమె నవ్వు విని ఎన్నేళ్లయిందో. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. నవ్వు ఆగిపోయింది.