మానగో వంతెన దాకా కాలినడక

లిఫ్ట్ తలుపు మూసుకోబోతోంది. ఎబెనేజర్ కాలు తగిలి మళ్లీ తెరుచుకుంటోంది. మళ్లీ మూసుకోబోతోంది.

జంషెడ్‌పూర్ సాక్చిలో కొత్తగా లేచిన ఆ టవర్‌లో అది ఇరవై రెండో అంతస్తు. అగస్టిన్ వంగి చూశాడు. తూటా లేదు, రక్తం లేదు. మడమకి కాస్త పైన ఒక ఎర్రటి చుక్క, దోమ కుట్టినంత. ఎబెనేజర్ అతనికి తోటి ఏజెంట్, ట్రైనింగ్ రోజుల నుంచీ స్నేహితుడు. అగస్టిన్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని ఫోన్ తీశాడు.

"ఎబెనేజర్ పోయాడు సర్."

"డార్కస్?" అటువైపు చీఫ్ గౌరీశంకర్.

"ఫ్లాట్‌లోనే ఉంది. బతికే ఉంది."

"అయితే ఆపరేషన్ కూడా బతికే ఉంది. విను. ఇవాళ ఛఠ్ పండగ సాయంత్రం, బళ్లకి ఊరంతా నో ఎంట్రీ. అంబులెన్స్‌నొక్కదాన్నే వదుల్తారు. మనది మానగో వంతెన మీద ఉంటుంది. అక్కడిదాకా ఆమెను నడిపించి తీసుకెళ్లాలి. లోకల్ ఏజెంట్ శ్వేత కింద కలుస్తుంది. అంబులెన్స్ ఏర్పాటు ఆమెదే. గోవింద్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. మనలో ఎవరూ ఆమెను చూడలేదు, కోడ్ వర్డే గుర్తు."

"బ్యాకప్?"

"లేదు."

"ఛాన్సెస్?"

"నన్ను నవ్వించకు. నీ పెన్ ఉందిగా? అందులో ఒకటే షాట్. డార్కస్ వాళ్లకి ప్రాణాలతో చిక్కకూడదు. అర్థమైందా?"

అర్థమైంది. కాకపోతే ఎంత బాగుండేదో.

డార్కస్ గమ్హరియాలో ఒక చిన్న ల్యాబ్‌లో మెటలర్జిస్ట్. యుద్ధ ట్యాంకుల తొడుగు కోసం ఆమె తయారుచేసిన అల్లాయ్ ఫార్ములా ఇప్పుడు ఆమె బుర్రలో తప్ప ఎక్కడా లేదు. విదేశీ రింగ్ ఒకటి ఆ బుర్రను ఎత్తుకుపోవాలని చూస్తోంది. బుర్రకి అంటుకుని మనిషి కూడా ఉంటుందన్న సంగతి అటు రింగ్‌కీ పట్టలేదు, ఇటు మన విభాగానికీ పట్టలేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

లిఫ్ట్ వదిలేసి మెట్లు దిగుతుంటే డార్కస్ అడిగింది. "మీ జేబులో పెన్ ఉంది. దాన్ని పదేపదే తడుముకుంటున్నారు. నా కోసమేనా?"

అగస్టిన్ అబద్ధం చెప్పలేకపోయాడు. "అవసరం పడకూడదనే నా ప్రయత్నం."

"పడితే చెప్పకుండా చెయ్యండి. నాకు భయం ఎక్కువ."

ఈ మాటలు హిందీలో నడిచాయి. ఇద్దరూ శ్రీకాకుళం నుంచి వలసొచ్చిన కుటుంబాల్లో, ఇక్కడి బారిడీహ్ క్వార్టర్లలో పుట్టినవాళ్లే, ఒకరితో ఒకరు ఇంకే భాషలో మాట్లాడుకుంటారు? మన సౌకర్యం కోసం నేను తెలుగులో చెబుతున్నాను. అగస్టిన్‌ని తాత సవరయ్య తెలుగులో తిట్టేవాడు, వీడు హిందీలో సారీ చెప్పేవాడు. సాఫీగా తెలుగు మాట్లాడటం వీడికి హైదరాబాద్ ట్రైనింగ్‌లో గానీ రాలేదు.

లాబీలో శ్వేత నిలబడి ఉంది. పసుపు పట్టుచీర, నల్లకళ్లద్దాలు, ఎత్తుమడమల చెప్పులు. గేటు దగ్గర సెక్యూరిటీవాడు ఆమెనే చూస్తూ ఎవరికో సెల్యూట్ కొట్టడం మర్చిపోయాడు.

"ఎండ తగ్గిందా?" అన్నాడు అగస్టిన్.

"రేవుకెల్తే తెలుస్తాది."

కోడ్ సరిపోయింది. ముగ్గురూ రోడ్డెక్కారు.

ఊరు ఊరంతా సువర్ణరేఖ నదివైపు నడుస్తోంది. చెరుకు గడలు, కొత్త చీరలు, పాపిట్లో నారింజరంగు సింధూరం. మగవాళ్ల నెత్తిన వెదురు గంపలు, పళ్లూ, ఠేకువాలనే తీపి అప్పచ్చులూ నింపినవి. వాటిని ఇక్కడ దౌరాలంటారు. నీళ్లలో నిలబడి, దిగిపోయే పొద్దుకి అర్ఘ్యం ఇస్తారు. అంత జనంలో ఫోన్ సిగ్నల్ ఎప్పుడో చచ్చిపోయింది. చేతికి తువ్వాలు చుట్టుకున్న ఒక మనిషి టవర్ గేటు నుంచీ వెనకే వస్తున్నాడు. ఆ తువ్వాలు కింద ఏముందో ఊహించడానికి ట్రైనింగ్ అక్కర్లేదు.

గోల్‌చక్కర్ కూడలి దాటాక ఒక పెద్దావిడ డార్కస్ భుజం పట్టుకుంది. పక్కన ఆమె మొగుడు ఆదిబాబు, నెత్తిన దౌరా మోస్తూ కుంటుకుంటూ నడుస్తున్నాడు.

"ఓలమ్మ, నువ్వు సువర్ణకుమారి టీచరమ్మ కూతురివి కాదేటి? నాను చిలకమ్మని. మీ ఎనకాల లైన్లో ఉంటాం."

"హాఁ మౌసీ, పహచాన్ లియా?" గుర్తుపట్టేశావా అంటూ డార్కస్ బలవంతాన నవ్వింది.

"మా కొడుకు మురళికి డూటీ ఒగ్గలేదమ్మా. ఈ ముసలాయన మోకాళ్లతో మోత్తన్నాడు." చిలకమ్మ శ్వేత వైపు తిరిగింది. "నువ్వెవలమ్మా?"

"గోయిందపూర్ పిల్లనే పిన్నీ. పొద్దున్నించీ పచ్చి నీళ్లు కూడా ముట్టకుండా నడిసొత్తన్నావు, ఎంత ఓపికే నీకు."

చిలకమ్మ మొహం వెలిగిపోయింది. "ఎంత సక్కగా మాటాడతాదో. మా మనవరాలున్నాది, ఒక్క ముక్క తెలుగాడదు. ఏటడిగినా హిందీయే."

అగస్టిన్ కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. ఇక్కడ పుట్టిన ఏ పిల్లయినా పెద్దవాళ్ల తెలుగుకి హిందీలోనే జవాబిస్తుంది. తనూ అంతే, డార్కస్ ఇప్పుడే ఇచ్చింది. ఈమె శ్రీకాకుళం వెళ్లి నేర్చుకుని వచ్చినట్టు ఒలకబోస్తోంది. ఎవరో కూర్చోబెట్టి, కష్టపడి నేర్పించారు. ఆ నేర్పిన మహానుభావుడు జంషెడ్‌పూర్‌లో ఒక్క పూట కూడా ఉండలేదు.

అతని చూపు కిందికి దిగింది. చుట్టూ అందరివీ ఉత్తకాళ్లో, మామూలు హవాయి చెప్పులో. రేవుకి నడిచే రోజున ఎత్తుమడమలు ఎవరేసుకుంటారు? ఎబెనేజర్ కాలి మీది ఎర్రచుక్క గుర్తొచ్చింది.

"అసలు శ్వేత ఏది?" నడుస్తూనే మెల్లగా అడిగాడు.

ఆమె కంగారు పడలేదు. కళ్లద్దాలు సర్దుకుంది. "దోముహానీ దగ్గర, రెండు నదులు కలిసేచోట, లోతెక్కువ. అక్కడుంది." యాస మాయమైంది. "అరిస్తే వెనకాయన నిన్ను కాలుస్తాడు. పరిగెత్తితే ఆమెను కాలుస్తాడు. బుద్ధిగా నడిస్తే ఆమె బతుకుతుంది, మా దగ్గర. ఎదురుగా వంతెన. మా అంబులెన్స్ రెడీ."

"నేను?"

"నీ సంగతి ఎవరడిగారు?"

వెనక్కి తిరిగే దారి లేదు. జనం ముందుకే తోస్తున్నారు. వంతెన మీద అంబులెన్స్ వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. అగస్టిన్ జేబులో పెన్ మీద చెయ్యి పెట్టాడు. డార్కస్ అతని వైపు ఒకసారి చూసి, అర్థమైనట్టు తల దించుకుంది. చెప్పకుండా చెయ్యమన్న మనిషి. ఉద్యోగం మీదా, చీఫ్ మీదా, తన మీదా అసహ్యం వేసింది. అయినా పెన్ మూత తీశాడు.

వంతెన మొదట్లో, రేవు మెట్లు మొదలయ్యే చోట, ఆదిబాబు మోకాలు మడతపడింది. దౌరా ఒరిగింది.

"బాబూ, అందుకో," చిలకమ్మ కేకేసింది. "నేల తగలకూడదు. నీళ్లదాకా దింపకూడదు."

దౌరా ఎత్తుకుంటే రెండు చేతులూ నెత్తి మీదే ఉండాలి. ఇక పెన్ తీసే దారి ఉండదు. ఆ సంగతి తెలిసే అగస్టిన్ పెన్ జేబులో పడేసి, బూట్లు విదిలించి, దౌరా నెత్తికెత్తుకున్నాడు.

"చెప్పులు ఒదిలెయ్యండి," అన్నాడు డార్కస్‌తో. "నా ముందు దిగండి."

దౌరా వస్తోందంటే జనం తమంతట తామే తప్పుకుంటారు. దారి తెరుచుకుంది. ఇద్దరూ మెట్లు దిగారు. శ్వేత వెంటపడింది. రేవు దగ్గర కాపలా ఉన్న ఆడవాళ్లు చేతులు అడ్డం పెట్టారు.

"మైడమ్, చప్పల్ ఉతారియే."

"హటో," తప్పుకోమని కసిరింది శ్వేత. ఆ పూట ఆమె నోట వచ్చిన మొదటి హిందీ మాట అది.

చెప్పులతో దౌరా వెనక పడితే ఆ ఆడవాళ్లు ఊరుకుంటారా? ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు, ఒకావిడ కూర్చుని చెప్పు పట్టీ లాగింది. శ్వేత వెనకే, పై మెట్టు మీద తువ్వాలు మనిషి చెయ్యి లేచింది. అది డార్కస్ వీపుకి గురి. అగస్టిన్ చూశాడు, చూసి ఏమీ చేయలేకపోయాడు. చేతులు రెండూ గంపకి ఉన్నాయి. అయిపోయిందనుకున్నాడు.

శ్వేత పట్టీ విడిపించుకోవాలని కాలు బలంగా వెనక్కి తన్నింది. మడమలోంచి సూది బయటికొచ్చి తువ్వాలు మనిషి పిక్కలో దిగింది. వాడు అక్కడికక్కడే కూలబడ్డాడు.

"అరే, చక్కర్ ఆ గయా," అని ఎవరో అరిచారు. ఉపవాసం మనిషి కళ్లు తిరిగి పడ్డాడనుకున్నారు పాపం. పదిమంది వాణ్ణి ఎత్తుకుని ఎదురుగా సిద్ధంగా ఉన్న అంబులెన్స్‌లో వేశారు. "భాభీజీ కో భీ బిఠావో" అంటూ శ్వేతను కూడా ఎక్కించారు. ఎక్కనంటే, మొగుణ్ణి వదిలేస్తావా అని తిట్టి మరీ ఎక్కించారు. జనాన్ని పక్కకి తప్పించడానికి ముందు సీట్లో ఒక కానిస్టేబుల్ కూర్చున్నాడు. డ్రైవర్‌కి సైరన్ వేసి ఆసుపత్రికి పోనివ్వడం తప్ప గతి లేకపోయింది.

సువర్ణరేఖ నీళ్లలో నడుము లోతున చిలకమ్మ పక్కన డార్కస్ నిలబడింది. పొద్దు దిగిపోయింది.

అగస్టిన్ రేవు పోలీసుల వైర్‌లెస్‌లో కబురు పంపాడు. చీకటి పడేలోగా ఆసుపత్రి గేటు దగ్గర నకిలీ శ్వేతనూ డ్రైవర్‌నూ పట్టుకున్నారు. అసలు శ్వేత మాత్రం దొరకలేదు. డార్కస్‌కి కొత్త పేరు, తెలియని ఊరు సిద్ధమయ్యాయి. బారిడీహ్‌కి ఇంక రాకూడదు, ఇంటికి ఫోన్ చేయకూడదు.

సిగ్నల్ వచ్చింది. వెంటనే చీఫ్ ఫోన్.

"అంతా విన్నాను. కానీ స్పష్టంగా ఆర్డర్ ఇచ్చాను. పెన్ ఎందుకు వాడలేదు?"

అగస్టిన్ తడిసిన ప్యాంటుతో, ఉత్తకాళ్లతో వంతెన పిట్టగోడకి ఆనుకున్నాడు. బూట్లు ఎవరో ఎత్తుకుపోయారు.

"చేతులు ఖాళీ లేవు సర్."