దానం పట్టు

ఆఫీసుకు వేళైనా దానం చాప మీద నుంచి లేవలేకపోయాడు. మోకాళ్ళు బిగుసుకుపోయాయి. భార్య జ్ఞానమ్మ వేడి చేసిన కొబ్బరినూనె రాస్తోంది.

పన్నెండేళ్ళు చెడుగుడు ఆడిన మోకాళ్ళవి. అల్లవరం జట్టులో దానం పట్టాడంటే ఎంతటివాడైనా గీత దాటడని చెప్పుకునేవారు. ఆ పేరు విని జిల్లా జట్టులోకి తీసుకున్నారు. పంచాయతీ సమితి ఆఫీసులో అటెండరు ఉద్యోగమూ ఆ ఆటే ఇచ్చింది. అరవై నాలుగులో, ముప్పై ఒకటో ఏట, ఉన్నట్టుండి మానేశాడు. మోకాళ్ళు పోయాయని అందరికీ చెప్పాడు. ఇది జరిగి పదిహేడేళ్ళు.

కూతురు సుందరి కాగితం పట్టుకుని వచ్చింది. ఇంటర్ చదువుతోంది.

"నాన్నగారండీ, ఆడపిల్లల కబడ్డీ జట్టులోకి నన్ను తీసుకున్నారండి. కాకినాడలో పోటీలు. మీ సంతకం కావాలండి."

దానం మొహం మాడిపోయింది. "వద్దు."

"ఎందుకండీ?"

"వద్దన్నానుగా!"

"దానంగారమ్మాయినని చెప్తేనే డ్రిల్లు మాస్టారు నా ఆట చూసేరండి. ఊరంతా వెళ్ళమంటుంటే మీరొక్కరే వద్దంటున్నారు. మీ మోకాళ్ళు పోతే నా కాళ్ళు కట్టేస్తారా?"

దానం ఆ కాగితం లాక్కుని రెండు ముక్కలు చేశాడు. సుందరి వంగి కింద పడ్డ ముక్కలు ఏరుకుంది.

జ్ఞానమ్మ నూనె గిన్నె పక్కన పెట్టింది. "మోకాళ్ళ వల్ల కాదమ్మా మీ నాన్నగారు మానేసింది."

"నోర్ముయ్ జ్ఞానమ్మా."

"పదిహేడేళ్ళు మూసుకున్నానండి. ఇంక నా వల్ల కాదు."

ఆమె కూతురికి చెప్పింది. మలికిపురంలో ఆట. అవతలి జట్టు నుంచి అప్పలస్వామి అనే కుర్రాడు కూతకొచ్చాడు. దానం అతని నడుం పట్టి ఎత్తి పడేశాడు. కుర్రాడు మళ్ళీ లేవలేదు. వెన్నెముక విరిగింది. అప్పటికి అతనికి పెళ్ళై నాలుగు నెలలు. ఇక నడవడని డాక్టర్లు తేల్చారు.

"ఏటా నేను మా అమ్మగారింటికని చెప్పి వెళ్ళేది ఆ అప్పలస్వామిగారింటికేనండి" అంది జ్ఞానమ్మ, మొగుడి వైపు తిరిగి. "వెళ్ళినప్పుడల్లా ఆయన అడిగేది ఒక్కటే. దానంగారు రాలేదా అని."

"నువ్వు... వెళ్ళేదానివా?"

"ఆయ్."

దానం రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తండ్రి ఏడవడం సుందరి ఎన్నడూ చూడలేదు.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక కూతురి భుజం పట్టుకుని దానం రేవు దాటాడు. అవతల బస్సెక్కి మలికిపురంలో దిగారు. అరుగు మీద మంచంలో ఒక మనిషి కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు. చేతులు బలంగా ఉన్నాయి. నడుం కింద దుప్పటి కప్పి ఉంది. అతని భార్య వీరాయమ్మ పీట తెచ్చి వేసింది.

"ఇప్పటికి దారి తెలిసిందాండీ?" అని లోపలికి వెళ్ళిపోయింది.

దానం కూర్చోలేదు. మంచం కోడు పట్టుకున్నాడు. "నీ బతుకు పాడుచేసేను తమ్ముడూ."

అప్పలస్వామి తాడు పక్కన పెట్టాడు. "పట్టడం తప్పు కాదండి. మీ చోట నేనున్నా అలాగే పట్టేవాణ్ణి. కానీ మీరు తర్వాత రాలేదు చూడండి, అది తప్పు. మా జట్టువాళ్ళు ఒక ఏడాది వచ్చేరు, మానేసేరు. ఆ ఆట గురించి మాట్లాడుకోడానికి నాకు మీరు తప్ప ఎవరున్నారు?"

"ఆ రోజే ఆట మానేసేను..."

"విన్నాను. మీరు మానేస్తే నాకు కాళ్ళొచ్చేయా?"

ఆట వదిలేయడమే తనకు తను వేసుకున్న శిక్ష అనుకుంటూ దానం ఇన్నాళ్ళూ బతికాడు. నిజానికి ఈ మంచం వైపు చూడకుండా దాక్కున్నాడు, అంతే.

"జ్ఞానమ్మగారు చెప్పేరు, మీ అమ్మాయి ఆడుతుందటగా?" అడిగాడు అప్పలస్వామి.

సుందరి తండ్రి వైపు చూసింది.

"ఆడుతుంది. కాగితం నేనే చింపేను. రేపు మాస్టారి దగ్గరికి నేనే వెళ్ళి ఇంకోటి అడుగుతాను" అన్నాడు దానం.

అప్పలస్వామి మంచం మీద చోటు చూపించాడు. "కూర్చోండి. ఆ రోజు ఆట మొదట్నించీ చెప్పండి. నాకు కొంత మరుపొచ్చింది."

దానం కూర్చున్నాడు. టాస్ దగ్గర నుంచి ఒక్కొక్క కూతా చెప్పుకొచ్చాడు. ఆ పట్టు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

మిగిలింది అప్పలస్వామి చెప్పాడు.