పాతకార్ల మ్యూజియంలో నెమలి

జాక్ జారింది. కారు కింద వెల్లకిలా పడుకుని పని చేసుకుంటున్న మెకానిక్‌కు కేక పెట్టే వ్యవధి కూడా దొరకలేదు. పాతవాహనాల మ్యూజియంలో అందరూ ప్రమాదమనే అనుకున్నారు. సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఒక్కడే అనుకోలేదు. ఆ మెకానిక్ ఆయన పంపిన మనిషి.

"జాక్ జారలేదు. ఎవరో వదిలారు," అన్నాడు చీఫ్, బ్రీఫింగ్ రూమ్‌లో లైట్లు ఆర్పుతూ. "రేపు ఉదయం మ్యూజియంలో పాతకార్ల ఊరేగింపు. ముందు కారులో మన ప్రధాని, ఆయన పక్కన పొరుగుదేశం ప్రధాని. శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టడానికి అందులోనే వెళ్తారు. అది గిట్టని విదేశీ ముఠా ఒకటి మ్యూజియంలో దూరింది. బాంబు ఎక్కడ పెట్టారో తెలీదు. ఊరేగింపు ఆపామంటే ఒప్పందం కూడా ఆగినట్టే."

"లోపల వాళ్ల మనిషి ఎవరు?" అడిగాడు ఎదురుగా కూర్చున్న ఏజెంటు.

"ఒకామె. కోడ్ నేమ్ నెమలి. డబుల్ ఏజెంట్. అప్పుడప్పుడూ మనకూ కబుర్లు అందిస్తుంది. నిజానికి ఎవరి మనిషో ఎవరికీ అంతుపట్టడం లేదు."

తెర మీద ఫోటో పడింది. ఏజెంటు చూపు ఆమె చెవుల దగ్గరే ఆగిపోయింది. ఆ ముత్యాల దుద్దులు పోయిన పెళ్లిరోజుకి తను కొనిచ్చినవే.

"సార్, ఈమె నా భార్య."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నాను. అబద్ధమాడితే నీకైనా తెలిసిపోతుంది కదా."

"ఏడేళ్లూ తెలియలేదుగా సార్."

చీఫ్ తెర మీది ఫోటో ఆర్పేశాడు.

టైర్ల కంపెనీ పని మీద ఊరెళ్తున్నానని ఏజెంటు ఎప్పటిలాగే ఇంటికి ఫోన్ చేశాడు. "సరే, వేళకి తిను," అందామె ఎప్పటిలాగే. ఇన్నాళ్లూ ఆ మాట వింటే ప్రాణం హాయిగా ఉండేది. ఇవాళ అందులో అబద్ధం ఎక్కడుందా అని వెతుక్కున్నాడు.

మర్నాడు పొద్దున తెల్లగడ్డం, బంగారు ఫ్రేము కళ్లజోడు పెట్టుకుని, పాతకార్లు సేకరించే విదేశీ కోటీశ్వరుడిలా మ్యూజియంలో అడుగుపెట్టాడు. చేతికి కట్టుకున్న వాచీ పేలుడు మందును వాసన పట్టి సన్నగా వణుకుతుంది. కానీ హాలంతా పెట్రోలు, గ్రీజు, ఇత్తడి పాలిష్ వాసన. చెక్క చక్రాల ఫైరింజన్ దగ్గరా వణికింది, మూడు చక్రాల బుల్లికారు దగ్గరా వణికింది. తిట్టుకుంటూ ఆపేశాడు.

నీలిరంగు పట్టుగౌనులో అతిథులకు కార్లు చూపిస్తోంది మ్యూజియం క్యూరేటర్. ఇంట్లో జుట్టు ముడేసుకుని తనతో కూరలు తరిగించే మనిషేనా అనిపించింది. దగ్గరికెళ్లి, అంతకుముందు పట్టుబడిన ముఠా మనిషి ఒకడు చెప్పిన కోడ్ మాట వదిలాడు.

"ఈ బండి లీటరుకి ఎంతిస్తుంది?"

"ఎక్కే మనిషిని బట్టి," అందామె చిరునవ్వుతో. వెంటనే గొంతు తగ్గించింది. "గడ్డం ఎడంపక్క ఊడుతోంది, నొక్కుకో. కాఫీ తాగావా?"

అతను గడ్డం నొక్కుకున్నాడు. "మెకానిక్‌ని చంపింది నువ్వేనా?"

"కాదు. ఆపలేకపోయాను." నవ్వు మొహం మీదే ఉంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "అదిగో, మెట్ల దగ్గర ఫోటోగ్రాఫర్. చంపింది వాడే. వాడి కెమెరాలో ఉన్నది ఫిల్మ్ కాదు, తూటా. బాంబు ప్రధానుల కారు సీటు కింద ఉంది, స్విచ్చి రబ్బరు హారన్‌లో. డ్రైవర్ హారన్ కొట్టి బండి కదిలిస్తాడు. ఆ హారన్ కొట్టనివ్వకు."

"నిన్నెలా నమ్మను? నన్ను పెళ్లి చేసుకోమని కూడా వాళ్లే పంపారా?"

"వాళ్లే పంపారు. మొదటి ఏడాది నీ మీద రిపోర్టులు రాశాను. ఆ తర్వాత నీ గురక తప్ప రాయడానికేం లేదన్నాను." ఆమె అతని కోటు కాలరు సరిచేసింది. "ఏడేళ్లూ నీ టైర్ల కంపెనీని నమ్మినట్టు నటించాను. ఈ ఒక్కసారి నువ్వు నన్ను నమ్మినట్టు నటించు."

బయట బ్యాండు మొదలైంది. ప్రధానులిద్దరూ కారెక్కారు. అరిచినా ఎవరికీ వినపడదు. ఏజెంటు పరుగు తీశాడు. డ్రైవర్ గుప్పిట్లో హారన్ రబ్బరు బంతి, వేళ్లు అప్పుడే బిగుసుకుంటున్నాయి. ఏజెంటు ఫుట్‌బోర్డు మీదికి దూకి ఆ మణికట్టు ఒడిసిపట్టాడు. వేళ్లు విడదీసి, హారన్ గొట్టాన్ని బ్లేడుతో కోశాడు. లోపల రాగి తీగలు మెరిశాయి. ముసలాయనకు హారన్ మీద మోజు పుట్టిందనుకుని ప్రధానులిద్దరూ నవ్వుతున్నారు.

కెమెరా క్లిక్‌మంది.

అతను వెనక్కి తిరిగేసరికి, తనకూ ఆ కెమెరాకూ మధ్య నెమలి నిలబడి ఉంది. నీలిగౌను మీద ఎర్రమరక పెద్దదవుతోంది. సెక్యూరిటీ వాళ్లు ఫోటోగ్రాఫర్ మీద పడ్డారు. ఏజెంటు ఆమెను రెండు చేతులా ఎత్తుకున్నాడు. గేటు బయట అసలు అంబులెన్సు మోగుతూనే ఉంది. కదలని పాతకార్ల వరస దానికి దారివ్వడం లేదు. హాల్లోకి పరుగెత్తి, అక్కడ తెల్లటి అంబులెన్సు కనపడగానే ఆమెను అందులో పడుకోబెట్టి, "స్టార్ట్ చెయ్యండి!" అని అరిచాడు.

పాలిష్ గుడ్డ పట్టుకున్న అటెండరు కదల్లేదు. "అయ్యా... దానికి ఇంజన్ లేదండీ. చూడ్డానికే పెట్టాం."

ఆమె కళ్లు సగం తెరిచింది. "పోనీ టైర్లు చూడు... మీ కంపెనీవేమో," అంది. నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అతను గడ్డం పీకి పారేసి, ఆమె చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. సందర్శకులకు కట్టిన తాడు దాటి ఎవరూ రాలేదు.

సాయంత్రానికి సంతకాలు అయిపోయాయి. చీఫ్ తనే కాఫీ కలిపి అతని ముందు పెట్టాడు.

"పైవాళ్లు అడుగుతున్నారయ్యా. ఆమె మన మనిషా, వాళ్ల మనిషా? ఏమని చెప్పమంటావు?"

"నా మనిషని చెప్పండి సార్."

"అలాంటి డిపార్ట్‌మెంటు మనకు లేదే."

"ఉండేది సార్. ఏడేళ్లు మేమిద్దరమే నడిపాం. స్టాఫ్ చాలక ఇవాళే మూసేశాం."