మూడో కంప్యూటర్ తెర మీద

1998 మే నెల. కోదాడ కంప్యూటర్ సెంటర్‌లో తెల్లారితే పరీక్ష అనగా, చాందీ నేరుగా మల్సూర్ సార్ టేబుల్ దగ్గరికొచ్చింది.

"సార్, రేపటి పేపర్ల మూడో ప్రశ్న తప్పున్నది."

ఆ పేపర్ పొద్దున మల్సూరే మూడో కంప్యూటర్‌లో టైప్ చేసి, ఫ్లాపీలో వేసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"నీకెట్ల తెల్సు? నా ఫ్లాపీ తీసినవా?"

క్లాసంతా తిరిగి చూసింది. చిలుకూరు దగ్గరి తండా నుంచి రోజూ బస్సులో వచ్చే ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

"దొంగతనం జేస్తే మీకెందుకు చెప్త సార్? ఇటు రాండ్రి."

మూడో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. "ఏదన్న టైప్ చేసి మూసెయ్యుండ్రి. నేను సూడ." అటు తిరిగి నిలబడింది.

అతనికేం తోచలేదు. రెండు నెలలుగా మనసులో తిరుగుతున్న మాటే వేళ్ల మీదికొచ్చింది. టైప్ చేశాడు, సేవ్ చేయకుండా మూసేశాడు.

చాందీ బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచింది. తెల్లగా రావాల్సిన తెర మీద ఇంగ్లీషు అక్షరాలు ముక్కలు ముక్కలుగా తేలాయి. ఆమె పేరే.

కొత్తగా బిగించిన గ్రాఫిక్స్ కార్డును నడిపించే ప్రోగ్రాంలో, అంటే దాని డ్రైవర్‌లో, లోపముందని మల్సూర్‌కు అర్థమైంది. ఒక ప్రోగ్రాం వాడి వదిలిన మెమరీని తుడవకుండానే అది ఇంకోదానికి ఇచ్చేస్తోంది. ఒకరు రాసుకున్నది తర్వాత కూర్చున్నవాళ్ల కంటబడుతోంది.

చాందీకి ఇంకో సంగతి అర్థమైంది.

"గిదేంది సార్?" గొంతు తగ్గించి అడిగింది.

"డ్రైవర్ల తప్పు."

"పేరు గూడ డ్రైవరే కొట్టిందా?"

మల్సూర్ లేచి, క్లాసు వైపు తిరిగాడు. "చాందీ ఏం తీయలే. ఉత్తగ అన్న. తప్పు నాదే."

ఆ సాయంత్రమే పాత కార్డు మళ్లీ బిగించి, వేరే పేపర్ తయారుచేశాడు. కార్డు కంపెనీకి ఉత్తరం రాస్తూ, లోపాన్ని కనిపెట్టింది చాందీ అని రాశాడు. ఆ పరీక్షలో ఆమే ఫస్టొచ్చింది.

కోర్సు అయిపోయాక, సూర్యాపేటలో టైపింగ్ ఉద్యోగం దొరికిందని చెప్పడానికి వచ్చింది.

"ఆ దినం కొట్టింది నోటితోని చెప్పరా సార్?"

"నిన్ను చేసుకోవాలనున్నది. నీకిష్టమైతెనే."

"ఇష్టం లేకుంటె గీడెందుకు నిలబడ్త? జర మా అమ్మకు చెప్పుండ్రి."

ఆదివారం తండాకు వెళ్లాడు. తల్లి మోతీబాయి మంచినీళ్లిచ్చి, ఎగాదిగా చూసింది.

"నా బిడ్డను దొంగ అన్న సారువు నువ్వేనా?"

"నేనే అమ్మా."

"మళ్ల అంటవా?"

"అనను."

మోతీబాయి కూతురి వైపు చూసింది. చాందీ గోడకానుకుని నవ్వాపుకుంటోంది.

"అయితే కాళ్లు కడుక్కో. బువ్వ తిన్నంక పెండ్లి మాట్లాడుదం."