సముద్రం వదిలిన మెట్లు

"దీపం ఆర్పెయ్, పోలారావ్!"

గుహలో చీకటి కమ్ముకుంది. ఎర్ర బల్బు మసక వెలుగులో డాక్టర్ వాగ్దేవి ఉక్కు గొట్టాన్ని ఇసుక పొరకు ఆనించి సుత్తి ఎత్తింది.

భీమిలికి అవతల, జీడిమామిడి అడవి కింద, సముద్రంలోకి నోరు తెరిచిన గుహ అది. ఒకప్పుడు ఈ తీరంలో సముద్రం ఇప్పటికన్నా రెండు నిలువుల ఎత్తున ఉండేదని ఆమె ఏళ్ళుగా వాదిస్తోంది. "సాక్ష్యం ఏదీ?" అన్నవాళ్ళకు చూపడానికి ఏమీ లేదు. ఈ ఇసుకే ఆఖరి ఆశ. రేణువు చివరిసారి ఎండ చూసిందెప్పుడో ప్రయోగశాల చెబుతుంది. తీసేటప్పుడు కాస్త వెలుగు సోకినా ఆ గుర్తు చెరిగిపోతుంది. అందుకే గుహ నోటికి నల్ల టార్పాలిన్ బిగించారు.

"మీరు నిధంటే లంకెబిందెలనుకున్నాను," పడవ నడిపే పోలారావు నవ్వాడు. "ఇసకే కావాలంటే మా ఇంటి ముందర బోల్డుంది మేడమ్ గోరూ."

"మీ ఇంటి ఇసుక రోజూ ఎండలో పొర్లుతుంది. ఇది వేల ఏళ్ళుగా నిద్రపోతోంది."

గొట్టం నిండింది. మూత బిగిస్తుండగా ఆమె పాదాలకు చల్లగా ఏదో తగిలింది.

నీళ్ళు!

ఫెళ్ళున టార్పాలిన్ చినిగింది. వెలుగును ఆపిన ఆ తెర పోటు రాకనూ దాచేసింది! అల లోపలికి దూకి ఇద్దరినీ గోడకు కొట్టింది. బల్బు ఆరిపోయింది. గుహ నోరు నురగలో మునిగిపోయింది.

"పైనుంచి గాలొస్తంది! బొరియుంది! బేగి ఎక్కండి!" పోలారావు భుజం వంచాడు.

చంకలో గొట్టంతో ఆమె రెండుసార్లు ఎక్కబోయి జారింది.

"ఒగ్గీండది!"

"వదల్లేను!"

"ఇసకా, పాణమా? మీరెక్కితేగాని నానెక్కలేను!"

నీళ్ళు అతని గొంతు దాకా వచ్చాయి. వాగ్దేవి గొట్టం వదిలేసింది. అతని భుజాల మీద నిలబడి చేతులు చాచింది. అరచేతుల్లో కత్తుల్లాంటివేవో దిగాయి. నెత్తురు కారినా పట్టు దొరికింది. దానిపైన మరొకటి, ఇంకొకటి! పైకి పాకి, నడుముకున్న తాడు విప్పి కిందికి విసిరింది.

"పట్టుకో!"

ఇద్దరూ జీడి చెట్ల మధ్య ఎండలో వచ్చి పడ్డారు.

"నా వల్ల మీ నిధి పోనాది," అన్నాడు పోలారావు, రొప్పుతూ.

"నీ వల్ల నేనున్నాను, అన్నా."

గాయాలు తుడుచుకుంటుంటే అరచేతిలో చిన్న పెంకు ముక్క మెరిసింది. ఆమె గబగబా పాకి బొరియలోకి తొంగి చూసింది. ఇప్పటి పోటు ఏనాడూ చేరని ఎత్తులో, రాతిని అంటుకుని వరసగా ఆల్చిప్పలు! సముద్రం తాకే చోటే బతికే జీవులవి. వాటి వయసు చెప్పడానికి చీకటి అక్కర్లేదు.

"ఇవే మెట్లయ్యాయి మనకి," అంది వాగ్దేవి. వంగి, అంచున వదులైన ఒక్క చిప్పను ఊడదీసుకుని, బొరియకు చేతులు జోడించింది. పోలారావు కూడా గంగమ్మకు మొక్కాడు.

"ఒకటే సాలా?"

"సాక్ష్యానికి చాలు. మిగతావి అక్కడే ఉండనీ. మళ్ళీ ఎవరైనా ఎక్కాల్సి రావచ్చు."